ప్రామాణిక అర్జీదారు

అధికారులు జనం మొర వినడం లేదని పైనుంచి మా మున్సిపల్ ఆఫీసుకి తాఖీదు వచ్చినప్పుడు, కమిషనర్ వైకుంఠనాథ్ గారు దాన్ని అక్షరాలా తీసుకున్నారు. ఆయన ఏదైనా అక్షరాలా తీసుకునే మనిషి. అంతకుముందు సంవత్సరం "ఫైళ్ళు కదలాలి" అని తాఖీదు వస్తే బీరువాలన్నిటికీ చక్రాలు బిగించారు.

వెంటనే సమావేశం పెట్టారు. నేను ఇన్‌వార్డు గుమాస్తాని. సోమవారం సోమవారం అర్జీలు తీసుకుని, ముద్ర కొట్టి, అర్జీదారుల్ని లోపలికి పంపడం నా పని. సమావేశాల్లో ఎవరేమన్నారో రాసుకోవడం కూడా నా మీదే పడింది కాబట్టి ఇదంతా దగ్గర్నుంచి చూశాను.

"వినడం లేదు అంటే ఏమిటి?" అన్నారు కమిషనర్ గారు. "శ్రవణ లోపం. ఇది ఉద్దేశానికి సంబంధించినది కాదు. మన సంకల్పం ఎప్పుడూ దృఢంగానే ఉంది. చెవులే సహకరించడం లేదు."

ఎవరూ కాదనలేదు. చెవులే కదా అనుకున్నారు. ఆరోగ్య శాఖ తరఫున చెవుల డాక్టరుని పిలిపించి అందరికీ పరీక్ష చేయించారు. ఒక్కరికీ లోపం లేదు. అసిస్టెంట్ ఇంజనీరు సుదర్శనం గారి చెవులైతే మరీ పదునుగా ఉన్నాయని తేలింది. పైఅంతస్తులో కూర్చుని, కింద క్యాంటీన్లో టీ గ్లాసులు ట్రేలో సర్దుతుంటే ఎన్ని గ్లాసులో చెప్పేశారు. దాంతో కమిషనర్ గారు ఇంకా దిగులు పడ్డారు.

ఆ దిగుల్లోనే ఒక మధ్యాహ్నం వరండాలో నడుస్తూ జనన మరణాల సెక్షన్ ముందు ఆగారు.

అక్కడ చక్రపాణి గారు కూర్చుని ఉన్నారు. సీనియర్ అసిస్టెంటు. యాభై దాటిన మనిషి, ఎవరి జోలికీ పోరు. క్యారేజీ తిన్నాక కాసేపు కళ్ళు మూసుకుని హెడ్‌ఫోన్లలో నాదస్వరం వింటారు. ఆయన ఫోనుకీ హెడ్‌ఫోన్లకీ మధ్య ఒక రేకు డబ్బా ఉంటుంది. ఒకప్పుడు అందులో పిప్పరమెంటు బిళ్ళలు ఉండేవి. ఇప్పుడు ఆయన సొంతంగా కట్టుకున్న యాంప్లిఫయరు ఉంది. ఒక చదరపు బ్యాటరీ, నాలుగైదు రంగుల తీగలు, మధ్యలో ఎనిమిది కాళ్ళ నల్లటి చిప్పు. ఆ చిప్పుని అతికించలేదు, గూట్లో గుచ్చారు. పట్టకారుతో పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. రకరకాల చిప్పులు కుంకుమ భరిణెల్లో దాచుకునేవారు. ఒకటి పెట్టి వినడం, తల ఊపడం, తీసి ఇంకోటి పెట్టడం. ఇదీ ఆయన వ్యసనం. సిగరెట్టు కన్నా మంచిదే కదా అని ఎవరమూ పట్టించుకోలేదు.

"ఏమిటిది?" అన్నారు కమిషనర్ గారు.

చక్రపాణి గారు కంగారుగా లేచి నిలబడ్డారు. "చిన్న శబ్దాన్ని పెద్దది చేసి చెవికి అందిస్తుందండి. శుభ్రంగా."

"శుభ్రంగానా? పాటలేనా? జనం మొర కూడా అందిస్తుందా?"

చక్రపాణి గారు కాస్త ఆలోచించి, నిజాయితీగా జవాబు చెప్పారు. "దానికి ఏ శబ్దమైనా ఒకటేనండి."

ఆ ఒక్క వాక్యం మీద "శ్రవణ నాణ్యతాభివృద్ధి పథకం" మొదలైంది.

తర్వాత సోమవారం కమిషనర్ గారి గది మారిపోయింది. అర్జీదారు కుర్చీ ముందు బల్ల మీద చిన్న మైకు. మైకు తీగ రికార్డరుకి, రికార్డరు నుంచి రేకు డబ్బాకి, డబ్బా నుంచి కమిషనర్ గారి తలమీదున్న హెడ్‌ఫోన్లకి. అర్జీదారుకీ ఆయనకీ మధ్య దూరం ఒక మూరెడు. పక్కన ఇంకో కుర్చీలో సాంకేతిక సలహాదారు హోదాలో చక్రపాణి గారు, ఇస్త్రీ చొక్కాతో.

మొట్టమొదటి అర్జీ మట్టపర్తి వీరవేణి గారిది. ఆవిడ రంగరేజుల వీధి చివర కొట్టు పెట్టుకుని డిబ్బరొట్టెలు కాలుస్తారు. బస్సుల హోరులో "అల్లం పచ్చడా, కొబ్బరి పచ్చడా" అని అరిచి అరిచి గొంతు రాటుదేలింది. ఆవిడ అర్జీ నాకు కంఠతా వచ్చు. ఎన్నో సోమవారాలుగా ముద్ర కొట్టింది నేనే.

"ఏవండీ, నా కొట్టు కాలవ పక్కనేనండి. రోడ్డు ఎత్తు చేసినప్పుడు మూల మీద కాలవకి పెద్ద పలక వేసేశారండి. ఆ పలక కింద పూడిపోయిందండి. నీళ్ళు ముందుకి పోవండి. వానొస్తే మురుగంతా నా పొయ్యిలోకి వచ్చేస్తందండి. తినేవోళ్ళు ముక్కు మూసుకుని తింటన్నారండి. ఆ పలక తీసి పూడిక లాగించండి. అంతేనండి."

కమిషనర్ గారు మొహం చిట్లించి హెడ్‌ఫోన్లు తీసేశారు. "చక్రపాణి గారూ, ఈ అర్జీ చెవిలో గుచ్చుకుంటోంది."

"చిప్పు మార్చి చూద్దామా అండి?" అన్నారు చక్రపాణి గారు. ఆయన మనసులో వేరే ఏమీ లేదు. ఎవరైనా శబ్దం గరుకుగా ఉందంటే ఆయనకి తోచే మాట అదొక్కటే.

పట్టకారు తీశారు. ఒక చిప్పు పీకారు, ఇంకోటి గుచ్చారు. "మళ్ళీ చెప్పండమ్మా."

వీరవేణి గారు మళ్ళీ చెప్పారు. కమిషనర్ గారి మొహం మెల్లగా విప్పారింది. మళ్ళీ చెప్పమన్నారు. మూడోసారి కళ్ళు మూసుకున్నారు.

"ఎంత మార్దవం," అన్నారు. "పలక అన్నప్పుడు ఆ ప-కారం గమనించారా? పూడిక అన్న దగ్గర ఆ లోతు?"

వీరవేణి గారు "మరి ఏం చేస్తారండి?" అన్నారు.

"విన్నామమ్మా," అన్నారు కమిషనర్ గారు తృప్తిగా. "ఇంతకాలం మేము మిమ్మల్ని నిజంగా వినలేదు. ఈరోజు విన్నాం."

ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం చక్రపాణి గారిది కొత్త పెళ్ళికొడుకు వాలకం. ఆ డబ్బాలో ఏముందని ఇంట్లో భార్య గానీ ఆఫీసులో మేం గానీ ఏనాడూ అడగలేదు. ఇప్పుడు కమిషనర్ గారే పక్కన కుర్చీ వేయించి అడుగుతున్నారు.

"నిజంగా అంత తేడా ఉంటుందాండి?" అన్నాను.

"ఉందంటే ఉంది సుభాషిణి గారూ, లేదంటే లేదు. చెవి కన్నా మనసుకే ఎక్కువ వినిపిస్తుంది."

"ఆ మాట కమిషనర్ గారికి చెప్పారా?"

"ఆయన అడగలేదు కదా," అన్నారు చక్రపాణి గారు.

నెల తిరక్కుండా ప్రతి అధికారికీ ఒక డబ్బా వచ్చింది. ఆఫీసులో మాటలే మారిపోయాయి. ఒకప్పుడు వరండాలో కనబడితే కరువు భత్యం గురించి మాట్లాడుకునేవారు. ఇప్పుడు చిప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆరోగ్య అధికారి గారు, తన చిప్పులో దోమల ఫిర్యాదు వింటుంటే దోమలు చాలా దూరంలో ఉన్నట్టు హాయిగా ఉందన్నారు. రెవిన్యూ అధికారి గారు, ఇంటి పన్ను తగ్గించమని అడిగేవాళ్ళ గొంతు తన చిప్పులో భజనలా వినిపిస్తోందన్నారు. సుదర్శనం గారు అందరికన్నా వేగంగా పనిచేసే చిప్పు కావాలని పట్టుబట్టి పెట్టించుకున్నారు. ఆ డబ్బాకి అది సరిపడలేదు. డబ్బా వేడెక్కి, హెడ్‌ఫోన్లలో సన్నటి ఈల తప్ప ఇంకేమీ వినిపించడం మానేసింది. మారుస్తానని చక్రపాణి గారు వెళ్తే సుదర్శనం గారు ఒప్పుకోలేదు. ఆ వారం నివేదికలో ఇంజనీరింగ్ విభాగానికి ఫిర్యాదులు లేవని రాశారు.

చివరికి చిప్పుల ఎంపిక ఉపసంఘం ఏర్పడింది. మొదటి సమావేశంలోనే పెద్ద చిక్కు వచ్చింది. ఏ చిప్పు మంచిదో తేల్చాలంటే ఒకే గొంతు, ఒకే మొర, అన్ని చిప్పుల్లోనూ వినాలి. అర్జీదారులేమో ఒక్కొక్కరు ఒక్కో రకం. ఒకాయన ఏడుస్తాడు, ఒకావిడ తిడుతుంది. కొలవడం ఎలా?

"మనకొక కొలమానం కావాలి," అన్నారు కమిషనర్ గారు. ఆయన మనసులో ఎవరున్నారో అందరికీ తెలుసు.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. టైపు చేసింది నేనే కాబట్టి ఇప్పటికీ గుర్తుంది. "రంగరేజుల వీధి నివాసిని శ్రీమతి మట్టపర్తి వీరవేణి గారిని ప్రామాణిక అర్జీదారుగా గుర్తించడమైనది. వారి అర్జీయందలి పదములు గానీ, వాటి వరుస గానీ, ఆవేదన స్థాయి గానీ ముందస్తు అనుమతి లేనిదే మార్చరాదు. కొలమానము చెడకుండు నిమిత్తం, సదరు సమస్యను యథాతథ స్థితిలో పరిరక్షించు బాధ్యత ఇంజనీరింగ్ విభాగానికి అప్పగించడమైనది."

సుదర్శనం గారు ఆ ఉత్తర్వుని రెండుసార్లు చదువుకుని, సర్వీసులో మొదటిసారిగా, ఇది తప్పకుండా సాధించగల లక్ష్యమని అన్నారు.

వీరవేణి గారికి మెత్త కుర్చీ వేశారు. ఫ్యాను ఆవిడ వైపు తిప్పారు. బిస్కెట్లు, టీ. పేరున్న ఉత్తర్వు కాపీ చేతికిస్తే ఆవిడ కళ్ళకద్దుకున్నారు.

"నా పేరు మీద ఆర్డరే వచ్చిందంటే పని అయిపోయినట్టే కదండీ?" అని నన్నడిగారు.

టీ చల్లారిపోతుంది, తాగమన్నాను.

ఆ తర్వాత ప్రతి సోమవారం ఆవిడ పొద్దున్నే కొట్టు మూసుకుని రావడం, మైకు ముందు కూర్చుని అర్జీ చెప్పడం, ఉపసంఘం చిప్పు మార్చడం, ఆవిడ మళ్ళీ చెప్పడం. ఒకసారి విసుగొచ్చి "పలక" అనడానికి బదులు "ఆ దిక్కుమాలిన పలక" అన్నారు. ఉపసంఘం అంతా హెడ్‌ఫోన్లు తీసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కమిషనర్ గారు ఎంతో మర్యాదగా, "అమ్మా, దిక్కుమాలిన అనేది ఆమోదిత పాఠంలో లేదు," అన్నారు.

ప్రాంతీయ సంచాలకుల వారు తనిఖీకి వచ్చినప్పుడు ఆవిడ చేతే వినిపించారు. ఆ రోజు కోసం చక్రపాణి గారు తన భరిణెల్లోంచి అన్నిటికన్నా ప్రియమైన చిప్పు తీసుకొచ్చారు. పైన బంగారు రంగు మూత ఉన్నది, ఎప్పుడో ఒక పాత యంత్రం విప్పి సంపాదించుకున్నది. దాన్ని కమిషనర్ గారి డబ్బాలో పెట్టారు. సంచాలకుల వారు విని, "ప్రజల ఆవేదనలో ఇంత స్పష్టత నేను రాష్ట్రంలో మరెక్కడా వినలేదు," అన్నారు. బంగారు మూత చిప్పు కమిషనర్ గారి డబ్బాలోనే ఉండిపోయింది. తిరిగి ఇమ్మని అడగడం చక్రపాణి గారికి చేతకాలేదు.

అంతలో వానలు మొదలయ్యాయి.

ఆ సోమవారం వీరవేణి గారు నోరు విప్పగానే ఉపసంఘం ఉలిక్కిపడింది. గొంతు బొంగురుగా, చిల్లు పడిన బూర శబ్దంలా వచ్చింది. చిప్పు మార్చారు. ఇంకోటి మార్చారు. భరిణెలన్నీ ఖాళీ అయ్యాయి. బ్యాటరీ మార్చారు. చక్రపాణి గారు చివరికి పట్టకారు కింద పెట్టి, "చిప్పు తప్పు కాదండి. ఆవిడ గొంతే పోయింది," అన్నారు.

"ఎందుకు పోయింది?" అన్నారు కమిషనర్ గారు.

"నిన్న వానకి కొట్లోకి మోకాలు లోతు మురుగొచ్చిందండి," అన్నారు వీరవేణి గారు. "రోజంతా అందులోనే నిలబడి తోడానండి. రుబ్బిన పిండంతా పారబోసుకున్నాను. మా చెల్లెలి కూతురు వచ్చి సాయం పట్టింది గానీ, లేకపోతే పొయ్యి కూడా కొట్టుకుపోయేదండి."

కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. "ఇది ఎంతమాత్రం ఉపేక్షించదగిన విషయం కాదు," అన్నారు. ఆవిడ మొహంలో కాస్త వెలుగు కనిపించింది. ఆయన ఆరోగ్య అధికారి వైపు తిరిగారు. "ఈవిడ గొంతుని యుద్ధ ప్రాతిపదికన పునరుద్ధరించండి."

క్యాంటీన్లో మిరియాల కషాయం కాయించారు.

మధ్యాహ్నం ఆవిడ ఆ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి, చక్రపాణి గారి బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నారు. నా కిటికీ అవతలే. ఆయన హెడ్‌ఫోన్లు తగిలించుకోబోతూ ఆగారు.

"దాంట్లో నన్ను నాకు ఒకసారి వినిపిస్తారాండి?" అని అడిగారు ఆవిడ.

ఆయన పాత రికార్డింగు ఒకటి వెతికి, చిప్పు చూసి పెట్టి, హెడ్‌ఫోన్లు ఆవిడకిచ్చారు. ఆవిడ కొప్పు సర్దుకుని తగిలించుకున్నారు. కదలకుండా మొత్తం విన్నారు. తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇది నేనేనాండి?"

"మీరేనండి."

"ఇంత బాగా చెప్తన్నానే. దారిన పోయేవోడికైనా జాలేస్తది." హెడ్‌ఫోన్లు తిరిగిచ్చి, "మరి వాళ్ళేం వింటన్నారండి?" అన్నారు.

చక్రపాణి గారు డబ్బా మూత తీసి, చిప్పు పీకి ఆవిడ అరచేతిలో పెట్టారు. "దీన్నండి."

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చచ్చిన పురుగులా ఎనిమిది కాళ్ళూ పైకి పెట్టుకుని పడుంది. "దీనికోసవా నేను సోమారం బేరాలన్నీ పోగొట్టుకున్నది," అన్నారు. "చేతిలో చిప్ప పెట్టడం అంటే ఇదేనన్నమాటండి."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని చక్రపాణి గారి మొహం చూస్తే అనిపించింది. ఆ రోజు ఆయన నాదస్వరం వినలేదు. డబ్బా మూత తీస్తూ, వేస్తూ కూర్చున్నారు. ఆవిడ లేచి వెళ్ళబోతుంటే, "ఒక పని చేయండి. వచ్చే సోమవారం మీ సమస్య తీరిపోయిందని చెప్పండి," అన్నారు.

"తీరకుండానేనాండి?"

"తీరకుండానే."

తర్వాతి సోమవారానికి ఆవిడ గొంతు పూర్తిగా నయమైంది. ఉపసంఘం హెడ్‌ఫోన్లు తగిలించుకుని సిద్ధంగా కూర్చుంది. వీరవేణి గారు మైకు దగ్గరికి వంగి, "నా సమస్య తీరిపోయిందండి. ఇంక నేను రానండి," అన్నారు.

ఆ వార్త అన్ని చిప్పుల్లోనూ ఒకేలా వినిపించింది. కమిషనర్ గారు తెల్లబోయారు. "ఎవరు తీర్చారు? ఎవరి అనుమతితో తీర్చారు?"

సుదర్శనం గారు అప్పటికే లేచి నిలబడ్డారు. "నేను కాదండి. నేనేమీ చేయలేదండి. నా సర్వీసులో ఇంతవరకూ అటువంటి మచ్చ లేదండి."

"రేపు సంచాలకుల వారు ఈ అర్జీ వినడానికి మళ్ళీ వస్తున్నారు, తోటి అధికారుల్ని వెంటబెట్టుకుని," అన్నారు కమిషనర్ గారు. "వెంటనే క్షేత్ర పరిశీలనకి బయల్దేరండి. సమస్య ఉందో లేదో కళ్ళారా చూడాలి."

అలా, రోడ్డు వేసిన తర్వాత మొదటిసారిగా, మున్సిపల్ జీపు రంగరేజుల వీధిలోకి వచ్చింది. కమిషనర్ గారు, సుదర్శనం గారు, కమిషనర్ గారి డబ్బా, మైకు సరంజామా పట్టుకుని చక్రపాణి గారు, కాగితాలతో నేను. కాలవ నల్లగా, నిండుగా, కదలకుండా ఉంది. సుదర్శనం గారు కర్రతో పొడిచి చూసి, మొహం విప్పారగా, "యథాతథంగా ఉందండి. చెక్కుచెదరలేదు," అన్నారు.

కమిషనర్ గారు గుండెల నిండా ఊపిరి పీల్చబోయి, మానుకుని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "మరి తీరిపోయిందని ఎందుకన్నారమ్మా?"

"అలవాటైపోయిందండి," అన్నారు వీరవేణి గారు పెనం మీద రొట్టె తిరగేస్తూ. "అలవాటైపోతే తీరిపోయినట్టే కదండీ."

ఆయన ప్రాణం కుదుటపడింది. ఎలాగూ వచ్చాం కదా అని అక్కడే ఒకసారి విందామన్నారు. కాలవ అంచున నిలబడి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. "ఎడమ చెవిలో కప్ప," అన్నారు మైమరచి. "కుడి చెవిలో దోమలు. మధ్యలో పెనం చుయ్‌మంటోంది. ఈ విస్తృతి ఆఫీసు గదిలో ఎప్పటికీ రాదు. చక్రపాణి గారూ, చిప్పు మార్చి కూడా ఒకసారి విందాం."

చక్రపాణి గారు డబ్బా అందుకుని, తీగలు ఊడదీసి, కాస్త అటు తిరిగి మూత తెరిచారు. పట్టకారు తీశారు. ఏదో పీకారు. అంతలో చెయ్యి జారింది. డబ్బా కాలవలో బుడుంగున మునిగిపోయింది. ఆ పట్టకారు పట్టిన చెయ్యి జారడం నేనెప్పుడూ చూడలేదు.

"బంగారు మూత చిప్పు కూడా అందులోనే ఉందా?" అన్నారు కమిషనర్ గారు పాలిపోయి.

"డబ్బా అందులోనే ఉంది కదండీ," అన్నారు చక్రపాణి గారు.

కర్రతో వెతికితే డబ్బా పలక కిందికి జరిగిందని తెలిసింది. "పలక తీయించండి," అన్నారు కమిషనర్ గారు.

సుదర్శనం గారు చేతులు కట్టుకున్నారు. "సమస్యని యథాతథంగా పరిరక్షించమని తమరి ఉత్తర్వు ఉందండి."

అది నిజమే. కమిషనర్ గారు జీపు బానెట్టు మీద నా చేత సవరణ ఉత్తర్వు రాయించారు. "ప్రభుత్వ ఆస్తి అయిన శ్రవణ పరికరము లభ్యమగు వరకు మాత్రమే, తాత్కాలిక ప్రాతిపదికన, సదరు సమస్య పరిష్కరించబడును. పరికరము లభ్యమైన వెంటనే సమస్యను యథాపూర్వ స్థితికి పునరుద్ధరించవలెను."

గంట తిరక్కుండా యంత్రం వచ్చింది. ఇన్నేళ్ళూ లేదన్న యంత్రమే. పలక ముక్కలైంది. దాని కింద నుంచి పూడిక లారీల కొద్దీ లేచింది. వీధి వీధంతా బయటికొచ్చి నిలబడి చూసింది. చివరికి ఒక పారిశుధ్య కార్మికుడు డబ్బా పట్టుకుని పైకొచ్చాడు. మూత తెరిచి ఉంది. చిప్పు గూడు ఖాళీగా ఉంది.

"కొట్టుకుపోయి ఉంటుందండి," అన్నారు చక్రపాణి గారు.

"నీళ్ళు కదలవన్నారు కదా," అన్నారు కమిషనర్ గారు.

"ఇప్పుడు కదులుతున్నాయండి," అన్నారు సుదర్శనం గారు, తప్పు చేసినవాడిలా.

అందరం కాలవలోకి చూశాం. నీళ్ళు కదులుతున్నాయి. గలగలమంటూ మూల తిరిగి అవతలి వీధి వైపు వెళ్ళిపోతున్నాయి. వీరవేణి గారు పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి, అంచున గొంతుక్కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఆ తర్వాత లోపలికెళ్ళి పెనం మీద మాడిపోతున్న రొట్టె తీశారు.

సంచాలకుల వారి రాకని కమిషనర్ గారు వాయిదా వేయించారు. సమస్యని పునరుద్ధరించడానికి సుదర్శనం గారు నిజాయితీగానే ప్రయత్నించారు. కానీ కాలవలోంచి పూడిక తీయడానికి రేటు ఉంది గానీ, తీసిన పూడిక తిరిగి వేయడానికి మున్సిపల్ రేట్ల పట్టికలో రేటు లేదు. రేటు లేనిదే అంచనా లేదు, అంచనా లేనిదే మంజూరు లేదు. రేటు ఖరారు చేయవలసిందిగా ఫైలు పైకి వెళ్ళింది. అది అక్కడ ఎంతో భద్రంగా ఉంది. కాలవ పారుతూనే ఉంది.

చక్రపాణి గారు సాంకేతిక సలహాదారు బాధ్యత నుంచి తప్పించమని అర్జీ పెట్టుకుని జనన మరణాల సెక్షన్‌కి వెళ్ళిపోయారు. పొద్దున్న వీరవేణి గారి కొట్టులో రొట్టె తింటున్నారు. కొత్త రేకు డబ్బా ఒకటి కట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం దాని మూత తెరిచి ఉంటే లోపల బంగారు రంగు ఏదో మెరిసినట్టనిపించి, "ఏమిటండీ అది?" అన్నాను.

"వింటారా?" అని హెడ్‌ఫోన్లు ఇచ్చారు. విన్నాను. తేడా ఉందంటే ఉంది.

ఇక ప్రామాణిక అర్జీదారు స్థానం ఖాళీ అయింది. కమిషనర్ గారు ప్రకటన వేయించారు. అభ్యర్థికి స్పష్టమైన కంఠస్వరం ఉండవలెను. సమస్య దీర్ఘకాలికమైనదై, సమీప భవిష్యత్తులో పరిష్కారమగు సూచనలు లేనిదై ఉండవలెను. పునరుద్ధరణకు రేటు గలదై ఉండవలెను.

ఆ సోమవారం వరుస ఆఫీసు మెట్ల నుంచి చేపల బజారు దాకా వెళ్ళింది. తేనె నాకి వచ్చినవాళ్ళు కొందరు, గొంతు సవరించుకుంటున్నవాళ్ళు కొందరు. తన సమస్యే పాతదని ఇద్దరు పోట్లాడుకున్నారు కూడా. వీరవేణి గారు బుట్టలో వేడి రొట్టెలు తెచ్చి వరుస పొడుగునా అమ్ముకున్నారు.

ఉపసంఘం అందర్నీ విని, చివరికి సున్నపుబట్టీల వీధి రిటైర్డు మాస్టారు గోవర్ధనం గారిని ఎంపిక చేసింది. వాళ్ళ కుళాయిలో నీళ్ళు రావు, గాలి వస్తుంది. గంభీరమైన గొంతు. ఆయన మెత్త కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్ళకి అవకాశం వచ్చిందన్న ఆత్రంలో గబగబా మొదలుపెట్టారు.

కమిషనర్ గారు చెయ్యెత్తి ఆపారు. హెడ్‌ఫోన్లు సర్దుకుని, వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నారు.

"నింపాదిగా చెప్పండి మాస్టారూ," అన్నారు. "మనకేం తొందర లేదు."